రేకు మీది పుట్టుమచ్చ

"కదిల్తే చెయ్యి కాదప్పా, తలకాయే పోతాది," అంటూ రామాంజి జ్ఞానప్రకాశం గుండెల మీద మోకాలు దిగేశాడు.

వర్తూరులో జ్ఞానప్రకాశం నడిపే స్టూడియోలో ఫోటోలు కాగితం మీద తీయరు, నల్లపూత పూసిన రేకు మీద తీస్తారు. తీసే ఆయనకు అప్పటికే ఒక పన్ను ఊడింది. వ్యాపారమన్నాక పన్ను తప్పదు. రామాంజి చేతిలో మచ్చుకత్తి ఉంది, కళ్ళలో మచ్చుకైనా జాలి లేదు. ఫోటోలోని మనిషి కుడిచెయ్యి నరికి రమ్మని అతన్ని పంపారు. పంపినవాడి పేరు మాత్రం చెప్పడట, వృత్తిధర్మం.

జేబులోంచి ఆ రేకు ఫోటో తీశాడు. చెంప మీద పెద్ద పుట్టుమచ్చ. "నువ్వే."

"ఏ చెంపో చూడన్నా," అన్నాడు జ్ఞానప్రకాశం నెత్తురు మింగుతూ. "నాది కుడి, ఫోటోలో ఎడమ. వాడు మా తమ్ముడు. కవలలం. యలహంకలో ఉంటాడు."

రామాంజి రేకును ఆ ముఖం పక్కన పెట్టి చూశాడు. నిజమే. తప్పు మనిషిని నరికితే ఫీల్డులో పరువు పోతుందని గొణుక్కుంటూ మోకాలు తీశాడు. కిందపడిన పన్ను ఏరి, సొంతదారు చేతిలోనే పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ రేకు చూశాడు.

"ఈ కండ్లేందప్పా, పాణం ఉన్నట్ల చూస్తా ఉండాయి? మా యమ్మ కూడా నన్నిట్ల చూడలా."

అక్కడ జ్ఞానప్రకాశం నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ గుమ్మం వెలుగు రామాంజి ముఖం మీద పడింది. ప్రతి గాటూ, ప్రతి గుంటా లేచి నిలబడ్డాయి. అలాంటి ముఖాలు రేకు కోసమే పుడతాయి. ప్రాణం మీది తీపిని పని మీది తీపి మింగేసింది.

"కూర్చో అన్నా, ఒక్కటి తీస్తా. కత్తి కూడా పట్టుకో."

రామాంజి కుడిచేత్తో కత్తిని భుజానికి ఆనించి కూర్చున్నాడు. కదలొద్దని బెదిరించే వంతు ఇప్పుడు జ్ఞానప్రకాశానిది. కదిలితే ముఖం చెదిరిపోతుందన్నాడు. రౌడీ ఊపిరి బిగబట్టాడు.

తర్వాత ఇద్దరూ మందునీళ్ళ పళ్ళెం మీదికి వంగారు. పాలలాంటి మసకలోంచి ముఖం తేలింది. రామాంజి కళ్ళు చెమర్చాయి. తనలో అంత దిగులు ఉందని ఇన్నాళ్ళూ అతనికి ఎవరూ చెప్పలేదు. అలా చూస్తూనే ఉండిపోయాడు.

రేకులో కత్తి ఎడమచేతిలో ఉంది.

రామాంజి కళ్ళు తుడుచుకుని, వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

"నాకూ యలహంకలో కవలోడు ఉండాడేమప్పా?"