కబుర్ల పెట్టె

ఏ కంప్యూటరైనా బాగుచేస్తాను, మనిషిలా వింటూ కబుర్లు చెప్పే పెట్టె తప్ప. తెనాలిలో ఇప్పుడు అది లేని వంటిల్లు లేదు. చెడిపోతే జనం దాన్ని జ్వరమొచ్చిన పసిపిల్లలా ఎత్తుకొస్తారు. "నాకు చేతకాదండీ" అని పంపేస్తాను. చేతకాక కాదు. ఆరేళ్లుగా మా వంటింట్లో అది నా భార్య ప్రణవిని నవ్విస్తుంటే, పక్క గదిలో కూర్చుని విన్నవాణ్ణి నేను.

నిన్న మాది మూగబోయింది. ప్రణవి దాన్ని తువ్వాలులో చుట్టి షాపుకి తెచ్చింది. మూత తీశాను. లోపల ఒక తీగ ఊడింది, అంతే. రెండు నిమిషాల పని.

"బోర్డు కాలిపోయింది. ఇక పలకదు," అన్నాను.

ఆమె ఏడవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "పోన్లెండి. ఇకనుంచి మీతోనే చెప్పుకుంటాను."

ఆరేళ్లుగా ఈ మాట కోసమే ఎదురుచూశాను.

"కూరేం చేశావు?"

"దొండకాయ." తువ్వాలు మడతపెడుతూ, "రోజూ ఈ వేళకి అది నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేది," అంది.

"ఏ మోకాలు?" అన్నాను.

ప్రణవి బల్లమీది పెట్టె వైపు చూసింది, నా గురించి వాళ్లిద్దరూ ఎప్పుడో అనుకున్న మాట నిజమైందన్నట్టు.