నొప్పికి కరెంటు

చక్రాల కుర్చీలో కూలబడ్డాక గానీ షావుకారుకి తెలియలేదు, దానికి మెత్త లేదని.

"ఇదేం కుర్చీ? ఇందులో కూర్చుంటే ఒంట్లో ఎముకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు.

ఆ మాట వినడానికి ఆయా అక్కడ లేదు. ఆస్పత్రి గుమ్మంలో మొగుడూ పెళ్ళాల ముందు కుర్చీ ఆపి, "కూర్చోండి" అనేసి, ఇంకో పేషెంటు కోసం అప్పుడే పరిగెత్తింది. షావుకారు కూర్చున్నాడు. పెళ్ళాం వెనక్కి వెళ్ళి పిడులు పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో, ఉన్నది ఒక్కటే కుర్చీ అయితే అది ఎవరిదన్న విషయంలో వాళ్ళ మధ్య ఏనాడూ తగువు రాలేదు.

నడవా పొడుగ్గా ఉంది. ఆవిడ కుర్చీని తోస్తోందో, దాని మీద వాలిపోతోందో చూసేవాళ్ళకి అర్థం కావడం లేదు.

"బరువంతా నా మీదే వేస్తావేమే? నిటారుగా నిలబడి తొయ్యి. కుదుపులకి నా నడుం పట్టేస్తోంది."

"అలాగేనండీ" అంది ఆవిడ. వంగే తోసింది.

రేడియేషన్ గది ముందు జనం బారులు తీరి ఉన్నారు. పొద్దున్నే యంత్రం మొరాయించిందట. ఇప్పుడిప్పుడే దారికొచ్చిందట. షావుకారు ఉసూరుమన్నాడు. క్యాన్సరన్న మాట చెవిన పడ్డ రోజు నుంచి ఆయనకి సుఖమన్నది లేదు. ప్యాంక్రియాస్‌లో గడ్డ. ఆ పేరుకి నోరు తిరగదు గానీ, నొప్పి మాత్రం కడుపులోంచి వీపులోకి గునపంలా దిగుతుంది. రాత్రయితే మూలుగులు. కంటి మీద కునుకు లేదు. వేళకి తిండి లేదు. కొట్టు మీద ధ్యాస లేదు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "కరెంటు పెడితే గడ్డ పోదండీ. దాని వెనక నరాల ముడి ఒకటి ఉంటుంది. ఆ నరాల మీద కిరణాలు పడితే నొప్పి తగ్గుతుంది. రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. అంతవరకే."

సిమెంటు కొట్టు నడిపే మనిషికి ఆ బేరం మింగుడు పడలేదు. "కూలిపోయే గోడకి సున్నం ఎందుకండీ?" అని అక్కడికక్కడే అడిగేశాడు. డాక్టరు కిటికీ వైపు చూశాడు.

"పెట్టించుకుందామండీ" అంది ఆవిడ.

పెళ్ళయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని షావుకారు పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాడు.

ఫోన్ మోగింది. బావమరిది.

"ఆఁ, చెప్పవయ్యా... ఏం బాగు? నా ఖర్మ కాలింది. ఈ వయసులో నాకీ పరీక్ష ఏంటి చెప్పు? ...మీ అక్కా? ఇక్కడే నిలబడింది. దానికేం, బండరాయి. కంట్లోంచి ఒక్క చుక్క రాలదు. నేనేనయ్యా, నిద్రాహారాల్లేక సగమైపోయాను."

సగమైపోయిన షావుకారు ఫోన్ జేబులో పడేసి, బిస్కెట్ ప్యాకెట్ విప్పాడు.

అంతలో నర్సు తలుపు సందులోంచి తల బయటపెట్టింది. "ఖాళీ కడుపేగా? ఏమీ తినలేదుగా?"

నోటి నిండా బిస్కెట్ ఉండటంతో షావుకారు పలకలేకపోయాడు.

"పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా" అంది ఆవిడ.

నర్సు తలాడించి లోపలికి పోయింది. షావుకారు మీసం మీది పొడి దులుపుకుని ఇంకో బిస్కెట్ తీశాడు. పక్క బల్ల మీద కూర్చున్న ముసలావిడ ఇదంతా నోరు తెరుచుకుని చూసింది.

ఇంకాసేపటికి షావుకారు ఓపిక అడుగంటింది.

"పద, పోదాం. పోని జబ్బుకి ఈ పడిగాపులేంటి? ఇంట్లో మాత్రలున్నాయిగా. నొప్పంటే ఏంటో నాకు తెలీదా? పళ్ళు బిగపట్టుకుని ఓర్చుకోవాలి గానీ."

"ఇది పన్ను నొప్పి కాదు నాయనా" అంది ముసలావిడ. "మావాడూ ఇలాగే వద్దు వద్దని గింజుకున్నాడు. పెట్టించాక మెల్లగా తగ్గింది. ఇప్పుడు హాయిగా కాళ్ళు చాపుకుని వెల్లకిలా పడుకుంటున్నాడు. నువ్వు కదలకు."

"మీవాడికి కొట్టు లేదేమో" అని గొణిగాడు షావుకారు.

పెళ్ళాం కుర్చీ వెనక నుంచి ముందుకొచ్చింది. కుర్చీ చెయ్యి పట్టుకుని కిందికి వంగింది.

"ఇవాళ వెళ్ళిపోతే మళ్ళీ మన వంతు ఎప్పుడొస్తుందో తెలీదండీ. మీకు దణ్ణం పెడతాను. మూలుగు లేని రాత్రి ఒక్కటంటే ఒక్కటి చాలు. ఇంకేమీ అడగను."

వరసలోని వాళ్ళంతా తలలు ఇటు తిప్పారు. పదిమంది చూస్తుండగా కాదనడం షావుకారుకి బాగుండలేదు.

"సరేలే. ముందు టీ తెచ్చిపెట్టు, చూద్దాం."

క్యాంటీన్ కింద అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళింది. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కప్పు పట్టుకుని వచ్చింది.

"చల్లారిపోయింది. ఇంతసేపూ ఏం వెలగబెట్టావు?"

"మెట్ల దగ్గర కాస్త కూర్చున్నానండీ."

"ఆఁ, నీకేం. ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటావు" అంటూ కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారగిలబడి, టీ తాగి, కప్పు ఆవిడ చేతికిచ్చాడు.

ముసలావిడ ఇక ఉండబట్టలేకపోయింది. "నీ ఓపికకి దణ్ణం పెట్టాలి తల్లీ."

"ఓపిక దానిది కాదు పెద్దమ్మా, నాది" అన్నాడు షావుకారు.

తలుపు తెరుచుకుంది. టెక్నీషియన్ అమ్మాయి బయటికొచ్చింది.

"హమ్మయ్య! ఎంతసేపమ్మా ఇది? అవతల నా కొట్టు మూతపడి ఉంది."

"ఎంతోసేపు పట్టదండీ" అంటూ ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి వెళ్ళి, పిడుల మీదికి ఒరిగిపోయిన ఆవిడ చేతిలోని ఖాళీ కప్పు తీసి షావుకారు చేతిలో పెట్టి, ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి, యంత్రం కింది బల్ల మీద పడుకోబెట్టడానికి మెల్లగా లోపలికి నడిపించుకుపోయింది.