మెట్ల మీద మారువేషాలు

ఫ్రిజ్ లేని ఇల్లయినా ఉంటుందేమో గానీ, కష్టమొస్తే పూర్వం రాజులేం చేసేవారో చెప్పే 'చక్రవర్తి' పెట్టె లేని ఇల్లు ఇప్పుడు విశాఖలో లేదు. అందుకే డాబా మీద పైపు పగిలి నీళ్ళు మెట్ల మీదుగా దూకుతుంటే, అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు పైడిరాజు వెళ్ళి పెట్టె ముందు చేతులు కట్టుకున్నాడు.

"మారువేషంలో తిరిగి ప్రజల గోడు విను," అంది పెట్టె.

పైడిరాజు దుప్పటి ముసుగేసుకుని దిగాడు. రెండో అంతస్తులో గోనెసంచి కప్పుకున్న బిచ్చగాడు ఎదురయ్యాడు. "ఈ ఏలుబడిలో సుఖంగా ఉన్నావా నాయనా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. చూస్తే బిచ్చగాడు సెక్రటరీ! వెనకాలే మిగతా ఫ్లాట్లవాళ్ళు సోదమ్మలుగా, బైరాగులుగా దిగుతున్నారు.

పైనుంచి పైడిరాజు భార్య వరహాలు కేకేసింది. "ఏటయ్యా, ఆ వాల్వు కట్టీసీవోడు ఒక్కడూ లేడేటి?"

"నువ్వే కట్టీ!"

"నానా? నాను పట్టపురాణినని పెట్టే సెప్పింది కదేటి!"

అందరూ ఇళ్ళలోకి పరిగెత్తి పెట్టెల్ని అడిగారు. అన్నీ ఒకటే మాటన్నాయి. "అది ప్రజల పని. ముందు మీలో ప్రజలెవరో తేల్చుకోండి."

మెట్ల కింద మోకాలి లోతు నీళ్ళలో కొలువు తీరింది. చీకటి పడ్డా, ప్రజనని ఒప్పుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు.