తాడు చివర

అయోవాలో మొక్కజొన్న కోతల కాలం. జింక కనబడకుండానే పొద్దు గూకింది. ఆర్విడ్ ఎప్పటిలాగే బాణాలతో సహా విల్లును తాడుకు కట్టి, చెట్టు మీది మంచె నుంచి కిందికి దించసాగాడు. చేతులు ఖాళీ అయ్యాకే నిచ్చెన దిగాలని వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి.

విల్లు నేలకు తగలకముందే తాడు తేలికైపోయింది. ఎవరో విప్పేసుకున్నారు.

ఆర్విడ్‌కు ఒళ్లు మండిపోయింది. ఇది పక్క పొలం డెల్మర్ పనే. మొన్న కూడా ఇక్కడే తచ్చాడి జింకలన్నిటినీ బెదరగొట్టాడు.

"ఒరేయ్ డెల్మర్, సిగ్గు లేదురా నీకు? విల్లు అక్కడ పెట్టి పో."

కింద మోగితే దొంగ దొరికిపోతాడని డెల్మర్‌కు ఫోన్ చేశాడు. చెట్టు కింద ఏదీ మోగలేదు.

"ఏంట్రా, అన్నం కూడా తిననివ్వవా?" అన్నాడు డెల్మర్. వెనక గిన్నెల చప్పుడు, పెళ్లాం నవ్వు.

"ఇంట్లోనే ఉన్నావా?"

"లేకపోతే నీ చెట్టు కింద కాపురం పెట్టానా?"

అయినా ఆర్విడ్ కోపం దిగలేదు. ఆ దొంగెవడో వాణ్ణే కడిగేద్దామని కిందికి వంగాడు. అప్పుడు వినబడింది, ఇన్నేళ్లూ తన చేతుల్లోనే విన్న చప్పుడు. బాణం తోక వింటినారికి టక్కుమని పట్టుకుంది.

అంత చీకట్లోనూ ఫోన్ వెలుగు అతని ముఖం మీద తెల్లగా పడుతోంది.