ఎవరన్నారు?

“‘ఆయనకు స్నేహితులు చాలామంది.’ ఈ వాక్యానికి ఆధారమేదీ?” ఫోన్లో అడిగింది వార్తలు సరిచూసే పరిశీలకురాలు.

అద్దె గదిలో ఒంటరిగా పోయిన ఓ పెద్దాయన గురించిన వార్త అది. నాలుగు రోజులకు గానీ ఎవరికీ తెలియలేదు. ఒకరి ఊరూ పేరూ ఒకరికి తెలియని పదిమంది కలిసి రాసే ఆ వెబ్‌సైట్లో ఆధారం లేని వాక్యం గడప దాటదు.

“ఆ ఇంటి ఓనరావిడ చెప్పిందక్కా,” అన్నాడు రాసినతను.

“నాలుగు రోజులు తొంగిచూడని స్నేహితులా? ఉండు, నేనే అడుగుతా.”

ఫోన్ ఎత్తిన ఓనరావిడ నిట్టూర్చింది. “ఆయన కోసం ఒక్క మనిషి వచ్చింది లేదమ్మా. తెల్లారితే కంప్యూటర్ ముందే. ‘మా స్నేహితులు వార్తలు రాస్తారు, నేను చూడకపోతే పరువు పోతుంది’ అనేవారు. దేనికైనా ‘ఎవరన్నారు?’ అంటూ నా ప్రాణం తోడేసేవారు. రేపు నీళ్లు రావండీ అన్నా అదే ప్రశ్న!”

పరిశీలకురాలు సైట్లో పాత వార్తలు తెరిచి చూసింది.

మూడేళ్లుగా వాళ్లు రాసే ప్రతి వాక్యం పక్కనా ‘ఎవరన్నారు?’ అని అడిగేవారు ఒకరు. అసలు పేరు ఎవరూ కనుక్కోలేదు. ‘ఎవరన్నారు గారు’ అని చాటుగా నవ్వుకునేవాళ్లు. ఈ వారం ఆ ప్రశ్న రాకపోతే అందరూ హమ్మయ్య అనుకున్నారు.

రాసినతనికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

“ఆ వాక్యం తీసెయ్యనా అక్కా?”

“ఉంచు.”

ఆధారం అన్నచోట ‘మేము’ అని టైపు చేసి, పక్కనున్న ఖాళీని చూస్తూ కూర్చుంది.

ఎవరన్నారని ఎవరూ అడగలేదు.