ఆరోగ్యవంతుడి సీసా

మూత్రంలో మైటోకాండ్రియా డిఎన్ఏ పెరిగితే, కిడ్నీ దెబ్బతినడం మొదలైందేమోనని అనుమానించాలి. మామూలు పరీక్షలకు అంత తొందరగా అందదు. కొరియాలోని దేగు నగరంలో, మా ల్యాబ్‌లో రోగుల సీసాల పక్కన, పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుడి సీసా ఒకటి పెడతాం. ఆ ఆరోగ్యవంతుణ్ణి నేనే.

ఈ ఉదయం యంత్రం పక్కనే నిలబడి చూశాను. నా అంకె రోగుల అంకెలను దాటిపోయింది.

"సీసాలు మార్చేశావు కదూ? చేతకాకపోతే ఇంటికెళ్లి కిమ్చీ పచ్చడి కలుపుకో!" అని నా జూనియర్ దాబిన్ మీద అరిచాను.

"మార్చలేదన్నా. మీ కళ్లముందే కదా పెట్టాను."

"మరి ఇన్నాళ్లూ బాగానే వచ్చిందిగా?"

ఆమె తల దించుకుంది.

"రాలేదన్నా. చలికాలం నుంచీ మీది ఎక్కువే వస్తోంది. నేనే ఏదో పాడుచేశాననుకున్నా. మీరు తిడతారని, మీ సీసా పారబోసి నాది పోసి పెట్టేదాన్ని."

కిటికీ బయట ఎండాకాలపు కీచురాళ్లు అరుస్తున్నాయి. భోజనానికి వేళయిందన్నాను. ఆమె కదల్లేదు.

"మొదటిసారి ఎంత వచ్చింది?" అని అడిగాను.

"కొంచెమే అన్నా," అంది. "అప్పుడు కొంచెమే."