పన్నెండో కార్డు

గోదావరి వరద లెక్కను కంప్యూటర్‌లో వేసే పని నాది. పన్నెండు ఊళ్ల నీటిమట్టాలు, ఊరికొక పంచ్ కార్డు, అంకెల్ని చిల్లులుగా పొడిచిన అట్టముక్క. అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి సగటు తీయాలి. ఏటూరునాగారం అవతలి అడవి ఊరి నుంచి అక్కడి నీటిమట్టం చూసే కృపమ్మ పంపిన అంకె మిగతావాటికి రెండింతలుంది. ఆ ఒక్కదానితో సగటంతా పాడవుతోంది.

"తప్పయి ఉంటది, తీసెయ్యి," అన్నాను ఆపరేటర్ వీరభద్రంతో. కార్డు నేనే చింపాను. లెక్క చక్కగా వచ్చింది. ఆ సగటు చూసి, ప్రమాదం లేదనుకుని ఎవరూ కృపమ్మ ఊరిని ఖాళీ చేయించలేదు. మూడోనాడు ఊరు మునిగింది. కృపమ్మ దొరకనే లేదు.

ఎంక్వయిరీకి అదే లెక్క మళ్లీ కావాలన్నారు. హనుమకొండలో మెషీన్ రాత్రిపూటే ఖాళీ. పదకొండు కార్డులే ఇచ్చాను. ప్రింటర్ చాలాసేపు టకటకలాడి ఆగింది. కాగితం మీద 'ఊళ్లు: 12' అని ఉంది.

"కార్డులు జర మళ్ల లెక్కవెట్టు," అన్నాను.

వీరభద్రం మెల్లగా లెక్కపెట్టాడు. గదిలో ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు.

"పన్నెండున్నయి సార్. ఒకటి తడిసి ఉన్నది. ఏం జెయ్యాలె?"

ఆ కార్డు కేసి చూడలేదు నేను.

"తప్పయి ఉంటది," అన్నాను. "తీసెయ్యి."